దాటేసిన ప్రశ్న

పొద్దున ఐదున్నరకే నూబియా బాణలిలో నూనె కాగబెట్టి, కలిపి ఉంచిన మైదా ముద్దల్ని చేతుల మీద పల్చగా సాగదీసి ఒక్కొక్కటే వేస్తోంది. ఎవెలియో కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని, లాయరు ఇచ్చిన కాగితం పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ కాగితంలో నలభై ప్రశ్నలున్నాయి. వలసల ఆఫీసులో మొగుడినీ పెళ్లాన్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారట. జవాబులు కలవకపోతే కాగితాల కోసం చేసుకున్న దొంగపెళ్లి అని రాసి పారేస్తారట. వీళ్లిద్దరూ పదహారేళ్లుగా ఒకే కప్పు కింద ఉంటున్నారు. అయినా వారం రోజులుగా పరీక్షకు పోయే పిల్లల్లా బట్టీ పడుతున్నారు.

"నేను పళ్లు తోముకునే బ్రష్షు ఏ రంగు?"

"పచ్చది. కుచ్చంతా ఊడిపోయి అరిగిన చీపురులా ఉంటుంది. మార్చమని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నాను."

"అదంతా ఆఫీసులో చెప్పకు. పచ్చది అని ఊరుకో. మంచం మీద నేను ఏ పక్కన పడుకుంటాను?"

"గోడ పక్కన. నేను నాలుగింటికే లేచి పోవాలి కదా."

"గురక ఎవరు పెడతారు?"

"నువ్వు."

"ఇక్కడే జవాబులు తేడా వస్తాయి చూడు," అన్నాడు ఎవెలియో.

పక్క గదిలోంచి దెల్ఫీనా వచ్చింది. ఎవెలియోకి అక్క, అరవై ఎనిమిదేళ్ల మనిషి. మొగుడు పోయాక రెండు నెలలుండి పోతానని ఊరి నుంచి లా చొర్రేరా పట్నంలోని ఈ ఇంటికి వచ్చింది. ఆ రెండు నెలలకు ఇప్పుడు ఎనిమిదేళ్లు. వేడి వేడి పిండి రొట్టె ఒకటి తీసుకుని, మీద జున్ను ముక్క పెట్టుకుంటూ ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"పదహారేళ్లు ఒకే మంచం మీద పడుకున్నవాళ్లకి పరీక్షలేంటో. మా కాలంలో పెళ్లయిందో లేదో మొహం చూస్తే తెలిసిపోయేది."

"ఎలా తెలిసేది వదినా?" అంది నూబియా.

"నవ్వుతూ ఉంటే ఇంకా కానట్టు."

నూబియా నవ్వింది. ఆమెకు నలభై రెండేళ్లు. నికరాగువాలోని చినాందేగా నుంచి పనికోసం పనామాకి వచ్చిన ఏడాదే, బస్టాండు పక్కన చిన్న హోటల్లో వంట చేస్తుండగా, ఎదురుగా బస్సు సీట్లు కుట్టే ఈ మనిషి కనిపించాడు. అప్పటినుంచీ కలిసే ఉన్నారు కానీ పెళ్లి మాట ఎత్తలేదు. ఆ చుట్టుపక్కల సగం కాపురాలు అలాంటివే. పన్నెండేళ్లు ఆమెకు ఏ కాగితమూ లేదు. యూనిఫారం వేసుకున్నవాడు ఎవడు కనిపించినా, ఆఖరికి కరెంటు రీడింగువాడు వచ్చినా, వెనక గుమ్మం వైపు చూసేది. నాలుగేళ్ల కిందట పెళ్లి రిజిస్టరు చేసుకున్నారు. ఆ మీదట తిరగ్గా తిరగ్గా రెండేళ్ల కార్డు ఇచ్చారు. అది ఈ నెలాఖరుతో చెల్లిపోతుంది. ఇవాళ్టి ఇంటర్వ్యూలో గట్టెక్కితే శాశ్వత నివాసం. లేకపోతే దేశం వదిలి పోవాలి. పోదామంటే అక్కడ తల్లి లేదు, ఆ ఇంట్లో ఇప్పుడు తమ్ముడి అత్తగారు ఉంటోంది.

"పదహారు," అన్నాడు ఎవెలియో. "ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"నేను."

"ఆదివారాలు నేను."

"ఆదివారం నువ్వు చేసేదాన్ని వంట అనరు."

ఎవెలియో తర్వాతి ప్రశ్నకు నోరు తెరిచి, మళ్లీ మూశాడు. "కాఫీ పొంగుతోంది చూడు," అన్నాడు. కాఫీ పొంగడం లేదు, దించి చాలాసేపయింది. నూబియా అటు చూసి, ఏమీ అనకుండా గరిటె తుడుచుకుంది. "పద్దెనిమిది," అన్నాడతను. "మీ ఆయన ఏం పని చేస్తాడు?"

నూబియాకు చదువు రాకపోలేదు. ఆ కాగితం ఆమె కూడా నాలుగుసార్లు చదివింది. పదిహేడో ప్రశ్న 'మీకు పిల్లలెంతమంది' అని. అతను దాటేశాడని ఆమెకు తెలుసు, ఆమెకు తెలిసిందని అతనికీ తెలుసు. వారం రోజులుగా రోజూ అక్కడికి వచ్చేసరికి కాఫీయో, గేటు దగ్గర కుక్కో, ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంది. ఇద్దరిలో ఎవరో ఒకరు కాస్త ధైర్యం చేసి ఉంటే ఇంత జరిగేది కాదు. మొండిఘటాలు, ఇద్దరూ ఇద్దరే.

"ప్రొప్రైటరు అని చెప్పనా?" అంది ఆమె.

"బస్సు సీట్లు కుడతాడని చెప్పు చాలు."

* * *

ఆఫీసులో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఎవెలియో పెళ్లినాటి తెల్లచొక్కా వేసుకున్నాడు, అది పొట్ట దగ్గర బిగుసుకుపోయి గుండీలు గుంజుతున్నాయి. నూబియా ఫోటోల ఆల్బం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొదట ఆమెనే పిలిచారు.

మొరేనో మేడమ్ అని బల్ల మీద పేరున్న ఆ అధికారిణికి ముప్పై అయిదుంటాయేమో. చెడ్డ మనిషేమీ కాదు, పొద్దుటినుంచీ అబద్ధాలు విని అలిసిపోయిన మనిషి. బ్రష్షు రంగు అడిగింది, మంచం సంగతి అడిగింది. ఎవెలియోకి ఏది తింటే పడదని అడిగితే నూబియా, "అనాసపండు తింటే నాలుక పూస్తుంది, అయినా మానడు," అంది. అధికారిణి చిన్నగా నవ్వింది. నూబియాకు ప్రాణం కుదుటపడింది.

తర్వాత ఆవిడ ఆల్బం తిరగేసింది. కార్నివాల్లో తడిసి ముద్దయిన ఇద్దరూ, పుట్టినరోజు కేకు, కొత్త కుట్టుమిషను పక్కన ఎవెలియో. ఒక చోట ఆగి పేజీ వెనక్కి తిప్పింది.

"ఇక్కడ ఏడాదిన్నర పాటు ఒక్క ఫోటో కూడా లేదే?"

"అప్పుడు ఫోటోలు దిగబుద్ధి కాలేదు మేడమ్."

"ఊ." ఆవిడ కంప్యూటరు వైపు తిరిగింది. "పిల్లలెంతమంది?"

లేరు అనేస్తే సరిపోయేది. దారి పొడుగునా నూబియా అదే అనుకుంటూ వచ్చింది. కానీ ఆమె తల్లిని ఎవరడిగినా, "నాకు ఏడుగురు, ఐదుగురు ఉన్నారు" అనేది. ఇరుగమ్మా పొరుగమ్మా కూడా అలాగే చెప్పుకునేవాళ్లు. కన్నపిల్లని లెక్కలోంచి తీసేసే అలవాటు ఆ ఇంట్లో లేదు. నోరు దాని అలవాటు చొప్పున అది కదిలింది.

"ఒక్కతి."

"పేరు?"

"అరాసెలీ."

"వయసు?"

"పదకొండు రోజులు."

అధికారిణి వేళ్లు ఆగిపోయాయి. నూబియా కళ్లు దించుకుని, "పదకొండు రోజులు బతికింది మేడమ్. వచ్చే నెలకి పద్నాలుగేళ్లవుతుంది," అంది. ఏడవలేదు. ఆ విషయంలో ఆమెకు మంచి సాధన ఉంది. ఆవిడ క్షమించమని మెల్లగా అని, రాసుకుని, తర్వాతి ప్రశ్నకు వెళ్లింది.

ఆమె బయటికి రాగానే ఎవెలియోని పిలిచారు. అతను పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పాడు. గురక తనే పెడతానని కూడా ఒప్పుకున్నాడు, అది నూబియా కోసం. పిల్లల దగ్గరికి వచ్చేసరికి, "లేరు మేడమ్," అన్నాడు. "ఎవరూ లేరా?" అని ఆవిడ రెండోసారి అడిగింది, కావాలనే. "లేరు," అన్నాడు మళ్లీ, టోపీ అంచు పట్టుకుని.

అబద్ధమాడానని అతను అనుకోలేదు. వాళ్ల ఊళ్లో పసికందుగా పోయినవాళ్లని పిల్లల్లో కలిపి చెప్పరు. వాళ్లు దేవదూతలైపోయారు, ఇక్కడి లెక్కలోకి లాగితే కిందికి లాగినట్టే అంటారు. అతని తల్లి అంతే, అమ్మమ్మ కూడా అంతే.

కాసేపటికి ఇద్దరినీ కలిపి లోపలికి పిలిచారు. మొరేనో మేడమ్ ఇప్పుడు నవ్వడం లేదు.

"ముప్పై తొమ్మిది కలిశాయి. ఒకటి కలవలేదు. ఆవిడ ఒక కూతురు పుట్టి పోయిందన్నారు. మీరు ఎవరూ లేరన్నారు. ఒకరు నిజం చెప్పడం లేదు. ఎవరో చెప్పండి."

నూబియా మొగుడి వైపు తిరిగింది. ఆమెకు మొదట అర్థం కాలేదు.

"లేదని చెప్పావా?"

ఎవెలియో టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు.

"ఎవెలియో, నా మొహం చూసి చెప్పు. మనకి పిల్ల పుట్టలేదా?"

"కాగితం లేదు కదా నూబియా," అన్నాడు అతను, వినీ వినపడనంత మెల్లగా. "కాగితంలో ఉన్నవే చెప్పమన్నాడు కదా లాయరు."

"కాగితం లేకపోతే మనిషి లేనట్టేనా? పన్నెండేళ్లు నాకూ లేదు కాగితం. ఆ పన్నెండేళ్లూ నీ పక్కన పడుకున్నదెవరు?"

పక్క గదిలో ఎవరో స్టాంపులు కొడుతున్నారు. చివరికి మొరేనో మేడమే ఫైలు మూసింది. జనన పత్రం ఉందా అంటే లేదు. నూబియా కాన్పు ఎవెలియో ఊళ్లో, మంత్రసాని చేతుల మీద జరిగింది. ఆస్పత్రికి పోతే కాగితాలు అడుగుతారని పోలేదు. పుట్టుక రాయించడానికి తర్వాత వెళ్దాంలే అనుకున్నారు, ఆ తర్వాత అనేది రాలేదు. మంత్రసాని కూడా పోయింది.

"పది రోజులు టైమిస్తాను," అంది ఆవిడ. "ఆస్పత్రి, చర్చి, శ్మశానం, ఎక్కడిదైనా సరే, ముద్ర ఉన్న కాగితం ఒకటి తీసుకురండి. లేకపోతే ఫైలు ఉన్నదున్నట్టు పైకి పంపాలి. అలా పంపితే ఏం రాస్తారో మీకు తెలుసు."

* * *

ఇంట్లో దెల్ఫీనా కోడిమాంసం, కర్రపెండలం వేసి పెద్ద గిన్నెడు పులుసు కాచి ఉంచింది. కార్డు వచ్చేసినట్టేనని పక్కింటివాళ్లకు కూడా చెప్పేసింది. బస్సు దిగి వచ్చినవాళ్ల మొహాలు చూసి గరిటె కింద పెట్టింది.

"ఏమైంది?"

"నాకు పిల్ల పుట్టలేదట వదినా," అంది నూబియా. "మీ తమ్ముడు ఆఫీసులో చెప్పి వచ్చాడు."

సంగతంతా విన్నాక దెల్ఫీనా పెదవి విరిచింది. "నీకు బుద్ధి ఉందా పిల్లా? పైకి పోయిన పసిదాన్ని తీసుకొచ్చి ఆఫీసుల్లో తిప్పుతావా? వాడు చెప్పిందే సరి. మనవాళ్లు అలా చెప్పరు."

"మీవాళ్లు చెప్పరు. మావాళ్లు చెబుతారు."

"అందుకే మీవాళ్లు ఎప్పుడూ ఏడుస్తూ ఉంటారు."

ఇన్నేళ్లలో నూబియా ఆడబిడ్డకు ఎదురు చెప్పింది లేదు. ఉప్పు ఎక్కువైందన్నా, మీ నికరాగువా వాళ్లకి చిక్కుడు గింజలు అన్నంలో కలపడం తప్ప ఏం వచ్చన్నా నవ్వి ఊరుకునేది. ఇవాళ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు మీరు నన్ను పెరట్లోకి లాక్కెళ్లి నోరు మూశారు. గుర్తుందా వదినా? లోపల నా పిల్ల బల్ల మీద ఉంది. తెల్లగౌను తొడిగి, కాగితంతో రెక్కలు చేసి అతికించారు. గిటారు వాయిస్తున్నారు, పిల్లలకి మిఠాయిలు పంచుతున్నారు. నాకు పాలు కారిపోతున్నాయి. తల్లి ఏడిస్తే రెక్కలు తడుస్తాయి, తడిస్తే ఎగరలేదు, మధ్యలోనే ఉండిపోతుంది అన్నారు. నేను ఏడవలేదు. ఆ రోజు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కళ్లు మండితే కూడా భయపడి తుడుచుకునేదాన్ని."

"నీ పిల్ల మంచికే చెప్పాను."

"మీకు కడుపుకోత తెలియదు. అందుకే చెప్పగలిగారు."

దెల్ఫీనా మొహం మారిపోయింది. గిన్నె మీద మూత తీసి, మళ్లీ పెట్టింది. "మా అమ్మ నాకూ అదే చెప్పింది," అంది. "రెండుసార్లు."

ఎనిమిదేళ్లుగా ఒకే వంటగదిలో తిరుగుతున్నారు, ఈ మాట నూబియా ఎప్పుడూ వినలేదు. ఎవెలియో మాత్రం తల ఎత్తలేదు. అతనికి తెలుసు.

"రెండుసార్లా? మరి ఎప్పుడూ..."

"నేను లెక్కపెట్టను," అంది దెల్ఫీనా. "పెట్టకూడదు."

నూబియా మొగుడి వైపు తిరిగింది. కోపం ఇంకా అక్కడే ఉంది. "ఆవిడ సరే. నువ్వు? పద్నాలుగేళ్లలో ఒక్కసారి, ఒక్కసారైనా ఆ పేరు నీ నోట వినలేదు. నేను అనుకునేదాన్ని, మగవాడు, మర్చిపోయాడు, సుఖపడ్డాడు అని. అయినా ఎక్కడో ఉంటుందిలే అనుకున్నాను. ఇవాళ ఆఫీసులో లేదన్నావు. నీకు తెలుసా నాకు ఆ కార్డు ఎందుకు కావాలో? హోటల్లో గిన్నెలు కడుక్కోవడానికి కాదు. నా పిల్ల ఈ మట్టిలో ఉంది. నన్ను బయటికి పంపిస్తే, దాని దగ్గరికి రావాలంటే నేను గేటు దగ్గర నిలబడి ఎవడినో బతిమాలాలి."

ఎవెలియో లేచాడు. వెనక వసారాలోకి వెళ్లి మిషను ముందు కూర్చున్నాడు. చీకటి పడేదాకా మిషను చప్పుడు వినపడలేదు. పులుసు ఎవరూ ముట్టలేదు. మర్నాడు దాన్ని కుక్కకు పోశారు.

రెండు రోజులు ఆ ఇంట్లో ఉప్పు ఇటియ్యి, తలుపెయ్యి అనే మాటలే తప్ప వేరే మాటల్లేవు. మూడో రోజు పొద్దున దెల్ఫీనా మంచి గౌను తొడుక్కుని, చేతిసంచీ పట్టుకుని వంటగదిలోకి వచ్చింది.

"మన ఊరి చర్చి గుమాస్తా ప్లీనియో ఇంకా బతికే ఉన్నాడు. చర్చి పుస్తకాలు వాడి దగ్గరే ఉంటాయి. ఊళ్లో పూడ్చిన ప్రతివాళ్లనీ రాసుకుంటాడు, కోళ్లని తప్ప. పదండి, ఏడున్నర బస్సు పోతుంది."

"మీరెందుకు వదినా?" అంది నూబియా.

"దానికి నీళ్లు చల్లి పేరు పెట్టింది నేను. సాక్షి కావద్దా?"

* * *

కార్డు సంగతి ముందే చెప్పేస్తాను, దానికోసం ఎవరూ ఊపిరి బిగబట్టనక్కర్లేదు. వాళ్లు ఊరినుంచి తెచ్చిన కాగితం పనిచేసింది. మొరేనో మేడమ్ దాన్ని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టింది, మూడు వారాలకు నూబియాకు శాశ్వత నివాసం వచ్చింది. కానీ వాళ్లిద్దరికీ పెళ్లయిందో లేదో తేలింది ఆ ఆఫీసులో కాదు. నాలుగు గంటల బస్సు ప్రయాణం అవతల, చర్చి వెనక ఉన్న చిన్న గదిలో.

బస్సులో ఎవెలియో వెనక సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. ఊళ్లో దిగేసరికి ఎండ మండిపోతోంది. ప్లీనియోకి డెబ్బై అయిదు దాటాయి, చెవి కాస్త దూరం, బుర్ర మాత్రం పాదరసం. సంవత్సరం చెప్పగానే బీరువాలోంచి పుస్తకం తీసి, వేలు పెట్టి చూసుకుంటూ పోయి ఒక చోట ఆపాడు.

"ఇదిగో. 'ఎవెలియో వెర్గారా పాపాయి. పదకొండు రోజులు. దేవదూత.'"

నూబియా వంగి చూసింది. ఆ ఒక్క వరసే ఉంది. పిల్ల పేరు లేదు. తల్లి పేరు లేదు. ఆ పుస్తకం ప్రకారం ఆ పాప ఎవెలియోకి ఒక్కడికే పుట్టింది.

"నా పేరు రాయలేదా?" అంది.

"అప్పట్లో అలాగే రాసేవాళ్లమమ్మా. నీ ఇంటిపేరు ఎవరికీ తెలియదు, అడిగితే చెప్పే స్థితిలో నువ్వు లేవు." ప్లీనియో తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. "పక్కన చేరుద్దాం. మీరు చెప్పండి, నేను రాస్తాను, దెల్ఫీనా సంతకం పెడుతుంది, ఫాదర్ ముద్ర వేస్తారు. పాప పేరు?"

"అరాసెలీ."

"తల్లి పేరు?"

"నూబియా దెల్ సొకోర్రో ఎస్పినాల్."

"పుట్టిన తేదీ?"

చెప్పింది.

"ఎన్నింటికి?"

ఆ సమయం నూబియాకు తెలియదు. నొప్పుల్లో ఆమెకు పగలూ రాత్రీ ఒకటే అయిపోయింది. అడగడానికి మంత్రసాని లేదు, ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు. ఇంత చిన్న సంగతి తన పిల్ల గురించి తనకు తెలియదని ఆమెకు అప్పుడే తట్టింది.

"తెల్లవారుజామున మూడుంబావు," అన్నాడు ఎవెలియో.

అతను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో ఉంది. ఎవరివైపూ చూడడం లేదు.

"వాన పడుతోంది. లాంతరు నేనే పట్టుకున్నాను. మూడుంబావుకి పుట్టింది, వెంటనే ఏడవలేదు, మంత్రసాని వీపు మీద తట్టింది, అప్పుడేడ్చింది. కాఫీగింజలు తూచే తక్కెడలో తూచాం. ఐదు పౌండ్లు, పైన కొంచెం."

"బరువు అక్కర్లేదు ఎవెలియో," అన్నాడు ప్లీనియో.

"రాయి."

ప్లీనియో రాశాడు.

"ఎడమ చెవి కింద మచ్చ ఉంది, మిరియపు గింజంత. చెవుల మీద కూడా జుట్టు ఉండేది. ఆవలించేటప్పుడు ఒక కన్నే మూసుకునేది, రెండోది తెరిచే ఉండేది. నాలుగో రోజునుంచి నా వేలు పట్టుకునేది, ఈ వేలు. తొమ్మిదో రోజు పాలు తాగలేదు. పదో రోజు ఒళ్లు కాలిపోయింది. లాస్ తాబ్లాస్ పట్నం నుంచి డాక్టర్ని తీసుకొస్తానని నేను బయల్దేరాను, వాగు దాటనియ్యలేదు, వెనక్కొచ్చేశాను. పదకొండో రోజు సాయంత్రం ఐదూ ఇరవైకి నూబియా ఒళ్లో పోయింది. నూబియా నిద్రపోయి ఉంది. నేనే చూశాను. లేపలేదు. పావుగంటసేపు లేపలేదు."

నూబియా కుర్చీ చెయ్యి పట్టుకుంది. పద్నాలుగేళ్లు ఆ పిల్లని తను ఒక్కతే మోస్తున్నానని అనుకుంది. గోడ పక్కన గురక పెడుతూ పడుకున్న ఈ మనిషి, నిమిషాలతో సహా మోస్తున్నాడు. నువ్వు మర్చిపోయావని అతని మొహం మీదే అంది తను.

"మరి ఎందుకు చెప్పలేదు?" అంది. "ఇన్నేళ్లు, నాకైనా ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏడుపొస్తుంది," అన్నాడు ఎవెలియో. "నేనేడిస్తే నువ్వేడుస్తావు. ఇద్దరం కలిసి ఏడిస్తే అది ఎక్కడ ఆగిపోతుందో అని భయం. దారిలో ఒక్కతే. ఇంత పిల్ల."

ఇంత అని చూపించడానికి చేతులు చాపాడు. ఆ చేతుల మధ్య జానెడు చోటు కంటే ఎక్కువ లేదు. అది చూసేసరికి నూబియా గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఆమెకే తెలియని చప్పుడు. వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది. దెల్ఫీనా అలవాటుకొద్దీ లేచి, "నూబియా, రెక్కలు..." అంటూ ఆమె మీదికి వంగింది.

"వదిలెయ్ అక్కా," అన్నాడు ఎవెలియో. అతని బుగ్గల మీదుగా అప్పటికే కారిపోతోంది, తుడుచుకోవడం లేదు. "పద్నాలుగేళ్లయింది. ఎంత చిన్న రెక్కలైనా ఈపాటికి చేరే ఉంటుంది. ఏడవనీ."

నూబియా నోటిమీంచి చేతులు తీసింది.

ప్లీనియో కలానికి మూత పెట్టి, తలుపు దగ్గరికి వేసి బయట అరుగు మీదికి వెళ్లిపోయాడు. చెవి దూరమైనా అతనికి లోపలిదంతా వినపడింది. నూబియా ఏడుపు వినపడింది, ఎవెలియోది వినపడింది. కొంచెంసేపయ్యాక మూడో గొంతు కలిసింది, అందరికంటే ముసలిది, అందరికంటే పెద్దది. అది రెండు పేర్లు పిలుస్తోంది. ఆ పేర్లు అరవై ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉన్న ప్లీనియో కూడా ఎప్పుడూ వినలేదు. ఆ ఏడుపు తగ్గేదాకా అతను అక్కడే కూర్చున్నాడు, తర్వాత లోపలికి వెళ్లి, బీరువాలోంచి ఇంకా పాత పుస్తకం ఒకటి తీశాడు.